కుర్చీలమ్మ మతిమరుపు

అమ్మ చేతికి కాగితం ఇవ్వకూడదన్నది ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా నడిచిన జోకు. కరెంటు బిల్లు కానీ, మందుల చీటీ కానీ, ఆవిడ చెయ్యి చాపితే చాలు, కొడుకు దాన్ని చటుక్కున వెనక్కి లాక్కుని, "ఆగమ్మా, పాపం దీనికి బస్సెక్కాలని లేదు," అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది. ముందు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, అప్పుడు నవ్వేది. కూతురూ నవ్వేది. అందరిలోకీ ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేది కనుక ఆ నవ్వు కాస్త గట్టిగా వినిపించేది.

అమ్మ పోయిన మూడో వారంలో కూతురికి ఫోన్ వచ్చింది. చేసింది కుటుంబ సలహా కేంద్రం డైరెక్టరుగారు. ఆ కేంద్రం కోర్టు భవనం రెండో అంతస్తులో, నకళ్ళ విభాగానికి పక్కనే ఉంటుంది. అమ్మ అక్కడ ఇరవై రెండేళ్ళు పనిచేసింది. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడను తీసేసిందీ అక్కడివాళ్ళే.

"శనివారం మధ్యాహ్నం సంస్మరణ సభ పెడుతున్నామమ్మా. ఆవిడ జీవితం గురించి మీరొక పేజీ రాసుకొచ్చి చదవాలి. లాయరుగారు, మీకు చెప్పేదేముంది. ఇంకొక్క మాట. ఆ ఒక్క పొరపాటు సంగతి ఎవ్వరం ఎత్తం. మనిషన్నాక మతిమరుపు ఉండదా? పెద్ద మనసు చేసుకుని మేం ఎప్పుడో వదిలేశాం."

పెద్ద మనసు అన్న మాట దగ్గర కూతురి చెవులు కాలిపోయాయి. "రాస్తానండి," అని మాత్రం అంది.

ఆ పేజీ రాయడానికి ఆమెకు అయిదు రోజులు పట్టింది. ముప్ఫై పేజీల వాదనను ఒక్క ఆదివారంలో ముగించే మనిషి, తల్లి గురించి నాలుగు వాక్యాలు రాసి కొట్టేసింది, మళ్ళీ రాసింది, మళ్ళీ కొట్టేసింది. ఎలా మొదలుపెట్టినా ఆ పేజీ ఒకే చోటికి వచ్చి ఆగేది. అమ్మ మతిమరుపు మనిషి కాదు. ఆ సంగతి తెలిసిన ప్రాణి ఈ భూమ్మీద ఇప్పుడు ఒక్కతే మిగిలింది. ఆమె చెప్పకపోతే కేంద్రం రికార్డులో అమ్మ పేరు పక్కన ఉన్న 'నిర్లక్ష్యం' అన్న మాట శాశ్వతం. చెబితే ఆ మాట తీసి తన పేరు పక్కన రాసుకోవాలి. నిజానికి ఆ మాట కూడా చాలదు. దానికి ఇంకా బరువైన మాట కావాలి.

కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడించడం అమ్మ వృత్తి. చిన్నప్పుడు ఆ ఇద్దరు పిల్లలకూ ఆ వృత్తి చేతిరుమాళ్ళ రూపంలో తెలుసు. అమ్మ గదిలో బల్ల సొరుగు నిండా తెల్లటి నూలు రుమాళ్ళు ఉండేవి. ఏడ్చేవాళ్ళకు కాగితం ఇస్తే దాన్ని చింపుకుంటూ కూర్చుంటారని, మాట ముందుకు కదలదని ఆవిడ నమ్మకం. ప్రతి శనివారం వాటిని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేసేది. మడతలు పెట్టడం పిల్లల వంతు. తమ్ముడు లెక్కపెట్టేవాడు. "ఈ వారం ముప్ఫయ్యొకటే అమ్మా. జనం బాగుపడిపోతున్నారు. చూస్తూ ఉండు, నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే హాయిగా నిద్రపోతానురా," అనేది అమ్మ, ఇస్త్రీపెట్టె కింద పెట్టకుండా.

నాన్న ఆ ఇంట్లో లేడు. కూతురికి ఆరేళ్ళప్పుడే వేరే కాపురం వెతుక్కుని వెళ్ళిపోయాడు. ఊళ్ళోవాళ్ళ కాపురాలు నిలబెట్టే ఆవిడ తన కాపురం నిలబెట్టుకోలేకపోయిందని మెట్ల దగ్గర పొరుగువాళ్ళు అనుకోవడం పిల్లలు విన్నారు. ఆ మాట ఇంటికి మోసుకొచ్చి అమ్మకు చెబితే ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "డాక్టరుకి జలుబు చెయ్యదా ఏంటి? వెళ్ళి కాళ్ళు కడుక్కోండి," అంది. ఎంత పని ఉన్నా సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉండేది. పిల్లలకు జ్వరం వస్తే, అవతల ఎంత పెద్ద తగువు నడుస్తున్నా, మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కదిలేది కాదు. ఎవరెవరి ఇళ్ళ మంటలనో ఆర్పి వచ్చిన మనిషి, గుమ్మంలో చెప్పులు విడిచినంత తేలిగ్గా వాటిని బయటే విడిచిపెట్టి లోపలికొచ్చేది. అందుకు ఎంత బలం కావాలో కూతురికి చాలా ఆలస్యంగా అర్థమైంది.

కుర్చీలమ్మ అన్న పేరు మాత్రం ఆఫీసువాళ్ళు పెట్టింది. అమ్మ గదిలో రెండు కుర్చీలు ఉండేవి. ఒకటి నిటారు చెక్క కుర్చీ, రెండోది చేతులున్న పాత పేము కుర్చీ. అక్కడికి వచ్చినవాళ్ళెవరూ తమ ఫిర్యాదుతో మొదలుపెట్టకూడదు. ముందు లేచి, ఎదుటివారి కుర్చీలో కూర్చుని, ఎదుటివారికి తన మీదున్న ఫిర్యాదును 'నేను' అంటూ చెప్పాలి. చెప్పింది సరిగ్గా ఉందని ఆ ఎదుటి మనిషి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మళ్ళీ చెప్పాలి. ఒప్పుకున్నాకే తన మాట చెప్పుకోవడానికి వీలు. గోడగడియారాన్ని అమ్మ తన వీపు వెనక తగిలించుకుంది. వాళ్ళ సమయం తను చూడకూడదట, వాళ్ళే చూసుకోవాలట.

ఇంట్లోనూ అదే చట్టం. రంగు పెన్సిళ్ళ పెట్టె కోసం అక్కాతమ్ముళ్ళు జుట్లు పట్టుకున్న రోజున అమ్మ ఇద్దర్నీ వంటగదిలో కూర్చోబెట్టింది. ఏడేళ్ళ అక్క తమ్ముడి పీటమీద కూర్చుని తమ్ముడి తరఫున మాట్లాడింది. ఎంత బాగా మాట్లాడిందంటే వాడు భోరున ఏడ్చేశాడు. "అక్క చెప్పేదాకా నాకింత అన్యాయం జరిగిందని నాకే తెలీదమ్మా!"

అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మనింట్లో వకీలు పుట్టిందిరా," అంది. ఆనాటి నుంచి కూతురి పేరు వకీలు. నవ్వు ఆగాక అమ్మ ఇంకో మాట కూడా అంది. "అవతలివాడి మాట బాగా చెప్పేశావు. బానే ఉంది. వాడి దెబ్బ నీకు ఎక్కడైనా తగిలిందా మరి?" ఏడేళ్ళ వకీలుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. పెన్సిళ్ళ పెట్టె మాత్రం ఆమెకే దక్కింది.

ఇరవై నాలుగేళ్ళకు ఆమె నిజంగానే వకీలు కాబోతున్నది. న్యాయశాస్త్రం పరీక్షలు అయిపోయాయి. న్యాయవాదుల జాబితాలో పేరు ఎక్కడానికి ఇంకా మూడు వారాలు ఉంది. అప్పటికే ఆమె, ఇంకో అయిదుగురు యువతులు కలిసి కోర్టుల్లోని సలహా కేంద్రాల మీద యుద్ధం ప్రకటించారు. ఆ యుద్ధం అన్యాయమైనదేమీ కాదు. పక్కటెముక విరిగిన భార్యకు సర్దుకుపొమ్మని చెప్పి, ఆ సంతకాన్ని 'పరిష్కారం' కింద లెక్క రాసుకునే కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. కొట్టినవాడికి టీ ఇచ్చి, దెబ్బలు తిన్నదానికి నీతులు చెప్పే గదులు అవి. వాటి గురించి ఆమె రాసిన ఎనిమిది పేజీల కరపత్రం పేరు 'రాజీల కర్మాగారం'. అందులో నూటికి తొంభై పాళ్ళు నిజం. మిగిలిన పది పాళ్ళ గురించే ఇక్కడ చెప్పవలసి వస్తున్నది.

ఆ వారం కేంద్రంలో గోడలకు రంగులు వేస్తున్నారు. పనివాళ్ళ కోసం అల్మారా తాళాలు తీసి ఉంచాలన్నారు. అందుకని అమ్మ తన పొడుగు నోటుపుస్తకాలు అక్కడ వదలడానికి మనసొప్పక, నిబంధనకు విరుద్ధంగా, ఇంటికి తెచ్చుకుని బట్టల బీరువా మీద పెట్టింది. వాటిలో ఎవరి పేర్లూ ఉండవు. మూడు చెంచాలవాడు, పొద్దున్నే తలంటుకునే ఆయన, గొడుగావిడ – ఇలా అమ్మ పెట్టుకున్న గుర్తులు ఉంటాయి. కరపత్రానికి ఒక ఉదాహరణ తక్కువైన కూతురు, అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు, కుర్చీ ఎక్కి పై పుస్తకం తీసి తెరిచింది. కుడిచేతి పేజీలో ఇలా ఉంది: 'గొడుగావిడ. ఏడోసారి. మణికట్టు ఇంకా పూర్తిగా అతకలేదు. పాప అయిదో తరగతి. కిటికీ దగ్గర ఎడమచేత్తో స్టాంపులు వేస్తున్నదట. వచ్చే బుధవారం ఇద్దరూ మళ్ళీ రావాలి. ఆమె ఇంటికి తిరిగి వెళ్ళాలి.'

కూతురి ఒళ్ళు మండిపోయింది. అయితే నా తల్లి కూడా అంతే. ఏడుసార్లు కూర్చోబెట్టి ఏడుసార్లూ ఆ ఇంటికే పంపింది. ఫోన్‌తో పేజీని ఫోటో తీసి, పుస్తకం ఎక్కడిది అక్కడ పెట్టి, కుర్చీ కూడా ఎక్కడిది అక్కడ జరిపింది. ముందూ వెనకా చదవకుండా ఏ పత్రం నుంచీ ఒక్క వాక్యం కూడా ఎత్తరాదని అయిదేళ్ళు చదివి వచ్చిన మనిషి ఆమె. పేజీ తిప్పలేదు.

ఆ పేజీ ఫోటోతో అచ్చయిన కరపత్రం కోర్టు ఆవరణలో మంచినీళ్ళలా చెల్లిపోయింది. రెండు రోజులకు ఒక ప్రతి అమ్మ చేతికి చేరింది. పొద్దున బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆవిడ ఎనిమిది పేజీలూ చదివింది. ఒక్క వాక్యం వదల్లేదు. కూతురు ఎదురుగా నిలబడి తగువుకు సిద్ధంగా ఉంది.

"తర్వాతి పేజీ చదివావా?" అంది అమ్మ.

"ఏ పేజీ?"

"నా పుస్తకంలో. నువ్వు ఫోటో తీసినదాని వెనక."

"అక్కర్లేదనిపించింది. చాలినంత అక్కడే ఉంది."

అమ్మ లేచి, పుస్తకం తెచ్చి, పేజీ తిప్పి ఆమె ముందు పెట్టింది. అక్కడ తొమ్మిది గీతలు. ఆసుపత్రి చీటీ, ఎక్స్‌రే, పాప బడి కాగితం, జీతం కాగితం, ఇంకేవో. ఏడింటి పక్కన టిక్కులు ఉన్నాయి. చివరి రెండూ ఖాళీ: పాప పుట్టిన కాగితం, పెళ్ళి కాగితం. అడుగున అమ్మ చేతిరాత. 'ఇంకా రెండే.'

"ఏంటివి?"

"గొడుగులో వచ్చిన కాగితాలు. వాళ్ళాయన ఉద్యోగానికి తప్ప ఆవిణ్ణి ఒంటరిగా ఇంట్లోంచి అడుగు బయట పెట్టనివ్వడు. ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు కూడా సంచీ వెతుకుతాడు. నా దగ్గరికి మాత్రం పక్కనే ఉండి తీసుకొస్తాడు, రాజీ కుదురుతుందని. గొడుగు మడతలో ఒక్కో వారం ఒక్కో కాగితం. నా బల్ల పక్కన ఆనించి పెట్టేది. వెళ్ళేటప్పుడు ఖాళీ గొడుగు తీసుకెళ్ళేది. తొమ్మిదీ నా దగ్గరికొచ్చిన రోజున పాపతో వాళ్ళ అక్క ఊరికి బస్సెక్కాలి." అమ్మ గొంతు పెరగలేదు. "రాజీ ఏంటే వకీలూ? దానికి తెర అది."

తర్వాత అమ్మ గొడుగావిడ పనిచేసే పోస్టాఫీసుకు ఫోన్ చేసింది. ఆవిడ ఇవాళ రాలేదన్నారు. అమ్మ చెప్పులు ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది తొడుక్కుని పరుగెత్తింది. అప్పటికే ఆలస్యమైంది. నకళ్ళ విభాగంలో గుమాస్తాగా ఉన్న ఆవిడ మరిది కరపత్రం చదివాడు. మణికట్టు, ఎడమచేతి స్టాంపులు, అయిదో తరగతి పాప: ఇంక పేరెందుకు? 'ఏడుసార్లు వెళ్ళి వదిన ఏం చెప్పుకుందో చూడన్నా' అని అన్నకు చూపించాడు. అన్న ముందురోజు మధ్యాహ్నమే బడికి వెళ్ళి పాపను తీసుకుని ఊరు దాటాడు. ఆ పాప మళ్ళీ తల్లి దగ్గరికి రావడానికి మూడేళ్ళ కోర్టు వాయిదాలు పట్టాయి. వచ్చినప్పుడు ఆ పిల్ల తల్లిని 'మీరు' అని పిలిచింది.

కేంద్రం అమ్మను సోమవారం విచారణకు పిలిచింది. ముందురోజు సాయంత్రం రుమాళ్ళు మడతపెడుతూ అమ్మ, "రేపు పదిన్నరకి. రెండో అంతస్తు. గాలాడదని తలుపు తీసే ఉంచుతారు," అంది. అంతకుమించి ఒక్క మాట అడగలేదు.

కూతురు వెళ్ళింది. రెండో అంతస్తు మెట్ల మలుపు దాకా వెళ్ళింది. తెరిచిన తలుపులోంచి డైరెక్టరుగారి గొంతు, ఆ తర్వాత అమ్మ గొంతు వినిపించాయి. "పుస్తకం ఇంటికి తీసుకెళ్తూ బస్సులో మర్చిపోయానండి. మర్నాడు డిపోలో దొరికింది. మధ్యలో ఎవరో ఫోటో తీసి ఆ కరపత్రంవాళ్ళకి పంపి ఉంటారు. నా నిర్లక్ష్యమే." గొడుగు సంగతి ఆవిడ చెప్పలేదు. చెబితే ఒక పక్షం వహించానని ఒప్పుకున్నట్టే. పైగా ఆ ఏడు కాగితాలూ ఇంకా ఆవిడ దగ్గరే ఉన్నాయి. సంగతి తెలిస్తే కేంద్రం తీసేసుకుంటుంది, పాపను వెతకాలంటే అవి కావాలి.

కూతురు ఆ మలుపులో పదకొండు నిమిషాలు నిలబడింది. ఇంకా పద్నాలుగు మెట్లున్నాయి. ఇప్పుడు లోపలికి వెళ్తే జాబితాలో పేరు ఎక్కదు. ఒక్క తప్పు పట్టుకుని కరపత్రాన్నంతా బూటకమంటారు, ఉద్యమం కూలిపోతుంది. అమ్మే కదా కావాలని చెబుతున్నది. ఈ మూడు వాదనల్లో ఏదీ విడిగా తప్పు కాదు. మూడూ కలిపితే దాని పేరు పిరికితనం. ఆమె చప్పుడు కాకుండా కిందికి దిగిపోయింది. తొమ్మిది రోజుల తర్వాత నల్లకోటు వేసుకుంది. ఆ కరపత్రం ఆరుసార్లు అచ్చయింది. దాని మీదే ఆమెకు పేరొచ్చింది. సభల్లో ఆమెను పరిచయం చేసేటప్పుడు దాని పేరు చెబితే జనం చప్పట్లు కొట్టేవారు.

ఉద్యోగం పోయిన అమ్మ, ఒక లాండ్రీ వెనక గదిలో తన రెండు కుర్చీలూ వేసుకుంది. లాండ్రీ ఆయనా, ఆయన భార్యా ఒకప్పుడు ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే. వేడి ఆవిరి, సబ్బు వాసన మధ్య ఆవిడ ఇంకో తొమ్మిదేళ్ళు మనుషులను మాట్లాడించింది. రుమాళ్ళు ఉతికే పని మాత్రం లాండ్రీ ఆయన తీసేసుకున్నాడు.

ఆసుపత్రిలో చివరి వారంలో ఒక మధ్యాహ్నం కూతురు మంచం పక్కన కూర్చుని, "అమ్మా, ఆ సోమవారం..." అని మొదలుపెట్టింది.

అమ్మ కళ్ళు తెరిచింది. "మన పద్ధతి మర్చిపోయావా? ముందు నా మాట చెప్పు. నీ మీద నాకేం ఫిర్యాదుందో చెప్పు."

కూతురు నోరు తెరిచింది. కోర్టులో ఎవరి తరఫునైనా గుక్క తిప్పుకోకుండా మాట్లాడే నోరు. "రేపు చెప్తానమ్మా," అంది.

"సరే. రేపు," అంది అమ్మ. ఆ రేపటికి ఆవిడకు మాట పోయింది.

శనివారం కేంద్రంలో సభకు నలభై మంది దాకా వచ్చారు. లాండ్రీ ఆయన రెండు కుర్చీలనూ మోసుకొచ్చి ముందు వేశాడు. మొదట ఆయనే మాట్లాడాడు. "మా ఆవిడ కుర్చీలో కూర్చుని, 'నేను రోజూ ఈయన గురక వింటున్నాను' అని చెప్పమన్నారండీ అమ్మగారు. నేను గురక పెట్టనన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. నాలుగు వారాలండీ! నాలుగో వారం ఒప్పుకున్నాను. ఆ వేళ నుంచీ గోడవైపు తిరిగి పడుకుంటున్నాను." అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఏడ్చి, జేబులోంచి తెల్ల రుమాలు తీసుకున్నాడు.

డైరెక్టరుగారు కూతుర్ని పిలిచారు. ఆమె కాగితం తీసి చదివింది. రుమాళ్ళ గురించి, గడియారం గురించి, ముక్కాలిపీట గురించి చదివింది. ఆ తర్వాత తలెత్తకుండా ఇది చదివింది: "నా తల్లి ఏ పుస్తకాన్నీ ఏ బస్సులోనూ మర్చిపోలేదు. బీరువా మీద నుంచి దాన్ని తీసింది నేను. ఫోటో తీసింది నేను. పేజీ తిప్పనిది నేను. విచారణ రోజున ఈ గుమ్మం బయట మెట్ల మీద నిలబడి విని, దిగిపోయింది నేను. ఈ సంగతి సంతకం చేసి ఇస్తున్నాను. రికార్డు సరిదిద్దండి. ఇదే ప్రతి న్యాయవాదుల మండలికి కూడా నిన్న పంపాను."

డైరెక్టరుగారు వంగి, "ఇప్పుడు ఇదంతా ఎందుకమ్మా? పోయినావిడకి ఒరిగేదేముంది? ఇది సభ, కోర్టు కాదు," అని గొణిగారు.

"రికార్డులో అబద్ధం ఉందండి. అది మీ దగ్గరే ఉంది," అంది కూతురు, కాగితం ఆయన చేతిలో పెట్టి.

మొదటి వరసలోంచి తమ్ముడు లేచాడు. "నేనంటే తెలీక అన్నాను. బస్సు, బస్సు అని ప్రతిసారీ అన్నాను. నువ్వు పక్కనే ఉండి నవ్వావు కదా అక్కా." కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

వెనక వరసలో నలభై అయిదేళ్ళ ఆవిడ ఒకరు లేచి, గొడుగు ఆనించుకుంటూ ముందుకొచ్చింది. బయట వానలేదు. ఆమె కుడి మణికట్టు కొద్దిగా వంకర. ఎవరూ పరిచయం చేయనక్కర్లేకపోయింది. ఆవిడ వచ్చి చెక్క కుర్చీలో కూర్చుని, పేము కుర్చీ చూపించింది.

"అది నాది. నేనెప్పుడూ అందులోనే కూర్చునేదాన్ని. మీరు కూర్చోండి. మీ అమ్మగారి పద్ధతి మీకు చెప్పక్కర్లేదుగా."

కూతురు కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "నేను పోస్టాఫీసులో పనిచేస్తాను," అని మొదలుపెట్టింది. "నా భర్త నా చెయ్యి విరిచాడు. నేను ఏడు కాగితాలు బయటికి తెచ్చాను. ఇంకా రెండే ఉన్నాయి. ఎవరో అమ్మాయి నా ప్రాణాన్ని ఉదాహరణగా వాడుకుంది. నన్ను అడగలేదు. దానివల్ల మూడేళ్ళు నా బిడ్డ నాకు దక్కలేదు. ఆ అమ్మాయి పేరు తెచ్చుకుంది."

గొడుగావిడ తల అడ్డంగా ఊపింది. "కాదు."

"ఏది తప్పు చెప్పాను?"

"తప్పేం లేదు. నీ ఎనిమిది పేజీల్లాగే ఉంది. ఒక పేజీ తక్కువ." ఎప్పుడు మారిందో, ఆవిడ నువ్వులోకి దిగింది. "పాపను ఎత్తుకుపోయింది మా ఆయన. వాడితో నేను తేల్చుకున్నాను. నీ వల్ల జరిగింది వేరే ఉంది. నాకు ఈ లోకంలో నావైపు ఉన్నది ఒక్క మనిషి. ఆవిడ నా సంగతులున్న పుస్తకం బస్సులో పారేసుకుందని నాకు చెప్పారు. నేను నమ్మాను. ఆవిడే చెప్పిందన్నారుగా మరి! ఆ ఏడు కాగితాలూ ఎవరి చేతో నాకు పంపించింది. తీసుకున్నాను కానీ మొహం చూడలేదు. ప్రతి వాయిదాకీ వచ్చేది, తెలుసా నీకు? బెంచీ ఆ చివర కూర్చునేది. మూడేళ్ళు. ఒక్కసారి కూడా పలకరించలేదు నేను. ఒకసారి రుమాలు ఇవ్వబోయింది. విసిరికొట్టాను. వంగి తీసుకుని, దులిపి, మళ్ళీ అదే చివర కూర్చుంది."

ఆవిడ గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకుంది.

"ఇవాళ ఎందుకొచ్చానో చెప్పనా? పోయినావిడ మీద కక్షేంటని, క్షమించానని చెప్పి పోదామని వచ్చాను. పొద్దున్నుంచీ ఆ మాటే కూడబలుక్కున్నాను. ఇప్పుడు ఎవర్ని క్షమించను నేను? దేనికి క్షమించను?"

అమ్మ వాయిదాలకు వెళ్ళేదని కూతురికి తెలియదు. అప్పుడప్పుడూ పని మానుకుని ఎక్కడికి వెళ్తావని ఆమె ఏనాడూ అడగలేదు.

"మళ్ళీ చెప్పు," అంది గొడుగావిడ.

కూతురు మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి వాక్యాలు వరసగా రాలేదు. "నాకు ఒక మనిషి ఉండేది. నేను ఆవిణ్ణి తిట్టుకున్నాను. ఆవిడ బెంచీ చివర కూర్చుంటే మొహం తిప్పుకున్నాను. ఒక అమ్మాయి పద్నాలుగు మెట్లు ఎక్కి ఉంటే నేను ఆ బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. రుమాలు తీసుకునేదాన్ని. ఆ అమ్మాయి ఎక్కలేదు. అందుకని నేను నా మనిషిని విసిరికొట్టాను. ఆవిడ పోయింది. ఇప్పుడు నాకు తెలిసింది. తెలిసి ఏం చేసుకోను..." అక్కడ ఆమె ఆగిపోయింది. ఆసుపత్రి మంచం పక్కన తను చెప్పలేకపోయిన మాటలో సగం ఇదేనని అప్పుడు తట్టింది.

గొడుగావిడ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. కరుణతో చూసిందని చెప్పలేం. తూకం వేసే మనిషి చూపు అది.

"ఆఁ. ఇప్పుడు సరిగ్గా చెప్పావు," అంది. "ఇంక నీ మాట చెప్పుకోవచ్చు."

పద్ధతి అదే. ఎదుటి మనిషి ఒప్పుకున్నారు. ఇప్పుడు తన వంతు. కూతురు లేచి చెక్క కుర్చీ వైపు వచ్చింది. గొడుగావిడ దాన్ని ఖాళీ చేసి, తన పేము కుర్చీలోకి మారింది. కూతురు కూర్చుంది. పరీక్షలు, తొమ్మిది రోజులు, ఉద్యమం, నిజమైన తొంభై పాళ్ళు: అన్నీ ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న వాదనలే, ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. తమ్ముడు కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగాడు. డైరెక్టరుగారు చేతిగడియారం చూసుకోబోయి మానుకున్నారు.

గొడుగావిడ గొడుగును ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, తొందరేమీ లేనట్టు, ఆమె మాట కోసం కూర్చుని ఉంది.